ఏంజెల్ చేపకు ఇరుగుపొరుగు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గాజు తొట్టిలో పెంచే ఏంజెల్ చేపల గురించే ఉన్నందువల్ల ఈ శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గరి పల్లెటూరు. చాలా ఏళ్ళుగా చేపల చెరువులు చేసి, ఈమధ్య రొయ్యల సాగులోకి వచ్చాను. పిల్లల ముచ్చట కోసం నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టి చేయించాను. రొయ్యపిల్లను చదరపు మీటరుకు 60 వరకు వేస్తాము కదా. ఆ లెక్కన నా తొట్టిలో ముప్పైకి పైగా ఏంజెల్ చేపలు పట్టాలి. దుకాణదారు మాత్రం ఆరుకు మించి వద్దంటున్నాడు. ఆయన మాట నిజమేనా? వాటికి తోడుగా ఇంకేమి వేయవచ్చు? – ఒక చెరువు రైతు, ఆకివీడు

జవాబు: తన బేరాన్ని తానే తగ్గించుకొని మాట్లాడిన దుకాణదారు దొరకడం అరుదు, కాబట్టి ఆయన దగ్గరే కొనండి. ఆరు అన్నది సరైన సంఖ్యే. మీరు లెక్క తెలిసిన రైతు గనుక, అది ఎందుకు సరైనదో లెక్కతోనే చూద్దాము.

మీరు వేసే వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 అన్నది తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన గరిష్ఠ పరిమితి. చెరువులో మీటరున్నర లోతు నీరు ఉందనుకుంటే ఒక చదరపు మీటరు కింద 1,500 లీటర్లు ఉంటాయి; అంటే ఒక్కొక్క రొయ్యకు 25 లీటర్లు. మీరు తొట్టి అడుగు వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకున్నారు గాని లోతును తీసుకోలేదు. మీ తొట్టి ఘనపరిమాణం తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. అడుగున పరిచే గులకరాళ్ళను, రాళ్ళూ మొద్దులనూ, పైన వదలవలసిన రెండు అంగుళాల ఖాళీని తీసివేస్తే మిగిలే అసలు నీరు 210 లీటర్లకు మించదు. రొయ్య లెక్కనే నీటి పరిమాణం మీద వేసినా ఎనిమిదికి మించి పట్టవు. ఆ ఎనిమిదీ పట్టుబడి నాటికి ఇరవై గ్రాముల చిలుకు తూగే రొయ్యలే తప్ప, ఎనిమిదేళ్ళో పదేళ్ళో బతికే చేపలు కావు. ఇక మీ పాత చేపల చెరువు లెక్క చూడండి. ఎకరం చెరువులో అయిదు అడుగుల నీరు ఉంటే అది దాదాపు 60 లక్షల లీటర్లు; అందులో రెండువేల అయిదువందల కట్ల, రోహు పిల్లలను వేస్తే ఒక్కొక్క చేపకు వచ్చే వాటా 2,400 లీటర్లు. ఆ లెక్కన మీ తొట్టిలో ఒక్క చేపకు కూడా చోటు లేదు.

ఈ రెండు లెక్కలూ గాజు తొట్టికి అతకకపోవడానికి కారణం, చెరువులో మీకు తెలియకుండానే పని చేసే కూలీలు చాలామంది ఉండటం. ఎండ పడి పెరిగే ప్లవకాలు (నీటిలో తేలే అతి సన్నని జీవులు), అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు, నీటిని కదిలించే గాలి, ఇవన్నీ చేపల విసర్జనలో వచ్చే అమ్మోనియాను ఎప్పటికప్పుడు లాగేస్తుంటాయి. తొట్టిలో ఈ పనంతా ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా ఒక్కటే చేయాలి. కొత్త తొట్టిలో అది తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చెరువును సిద్ధం చేయకుండా పిల్లను దింపని మీరు, తొట్టి విషయంలోనూ ఆ నియమాన్నే పాటించండి. ఆ బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాగా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, 40 దాటితే చేపలు ఎక్కువయ్యాయనో మేత ఎక్కువైందనో నీరు చెబుతున్నట్టు లెక్క. ఇందుకు ప్రత్యేకమైన కిట్ల కోసం వెతకనక్కరలేదు. మీరు చెరువు నీటిని ఇచ్చే ఆక్వా ల్యాబులోనే ఒక సీసాడు తొట్టి నీటినీ ఇవ్వండి. ఫలితం చూసేటప్పుడు నీటి పులుపును, క్షారాన్ని చెప్పే పీహెచ్‌ను అమ్మోనియాతో కలిపి చదవండి. నీటిలోని మొత్తం అమ్మోనియాలో మొప్పలను దెబ్బతీసే భాగం, పీహెచ్ ఒక అంకె పెరిగితే దాదాపు పదింతలు అవుతుంది; 28 డిగ్రీల వెచ్చదనంలో పీహెచ్ 7 ఉన్నప్పుడు నూటికి ఒక వంతు కూడా లేని ఆ విషభాగం, 8కి చేరేసరికి ఆరు వంతులు దాటుతుంది. మన కాలువ నీళ్ళూ బోరు నీళ్ళూ చాలాచోట్ల 7.5కు పైనే ఉంటాయి కాబట్టి, మెత్తటి పుల్లనీటి దేశంలో చెల్లిన కిక్కిరింపు ఇక్కడ చెల్లదు.

నీటి కొలత ఒకటైతే చేప ఆకారం మరొకటి. ఏంజెల్ చేప చందువాలాగా పక్కలకు పల్చగా, నిలువుగా ఎదిగే చేప. ఒళ్ళు పదిహేను సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పై రెక్క కొన నుంచి కింది రెక్క కొన వరకు కొలిస్తే ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది, పొడవు రెక్కల రకమైతే ఇంకా పైన. అందువల్ల దీనికి పొడవు కన్నా ఎత్తు ముఖ్యం, మీరు పెట్టించిన అడుగున్నర ఎత్తు కనీసపు ఎత్తు. చేయించకముందే అడిగి ఉంటే రెండడుగులు పెట్టించమని చెప్పేవారము. ఎదిగిన ఒక్కొక్క ఏంజెల్‌కు ముప్పై నుంచి నలభై లీటర్ల నీరు అనుకుంటే మీ 210 లీటర్లకు అయిదు, ఆరు వస్తాయి. ఇది శాస్త్రం పెట్టిన హద్దు కాదు, పెంచినవారి అనుభవం పెట్టిన హద్దు. కొనేటప్పుడు ఒకే పరిమాణంలో ఉన్న ఆరు పిల్లలను ఒకేసారి కొనండి. రెండో మూడో వేయడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు, ఎందుకంటే బలమైనది తన కోపమంతా ఒక్కదాని మీదే చూపిస్తుంది. ఆరు ఉన్నచోట దెబ్బలు నలుగురికీ పంపకమవుతాయి.

తోడు చేపలను నీటిలో అవి తిరిగే అంతస్తును బట్టి ఎంచుకోండి. ఏంజెల్ చేపలు నడుమ, పై అంతస్తుల్లో తిరుగుతాయి. అడుగున కోరిడోరాస్ అనే చిన్న మీసాల చేపలను ఆరింటిని వేయవచ్చు; అవి గుంపుగానే ఉంటాయి, ఎవరి జోలికీ పోవు, కింద పడిన మేతను ఏరుకుంటాయి. అయితే అడుగున కోసుగా ఉండే కంకర కాకుండా సన్నని ఇసుక గాని నున్నని గులక గాని ఉండాలి, లేకపోతే వాటి మీసాలు అరిగిపోతాయి. గాజుకు పట్టే పాచికి బ్రిసిల్‌నోస్ ప్లెకో ఒక్కటి చాలు. అది పన్నెండు, పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కదిలే గుంపు కావాలనిపిస్తే రమ్మీనోస్ టెట్రాలు ఎనిమిది లేదా పది వేయండి. వేడి నీటిని తట్టుకుంటాయి, నియాన్ టెట్రాల కన్నా పెద్దవి, చురుకైనవి. ఇక్కడితో మీ తొట్టి నిండినట్టే. గాజు అవతల ఇంకా చాలా ఖాళీ కనబడుతుంది, ఆ ఖాళీ మీ కంటికే గాని నీటికి లేదు.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. చెరువులో వాడే క్రిమిసంహారకాలను, మందులను చిటికెడైనా తొట్టిలో వేయవద్దు. ఎకరం మోతాదును 210 లీటర్లకు కుదించడంలో చేయి కొంచెం జారినా చేపలు మిగలవు. రొయ్య హేచరీల్లో మేతగా వాడే ఆర్టీమియా అనే సన్నని ఉప్పునీటి జీవులు మాత్రం మీకు ఎవరో ఒక తెలిసినవారి ద్వారా దొరికితే వదలకండి, ఏంజెల్ పిల్లలకు అంతకు మించిన మేత లేదు. మురుగు కాలువల్లో పట్టే ఎర్ర పురుగులను బతికున్నవిగా వేస్తే వాటితో పాటు రోగాలూ వస్తాయి.

ప్రశ్న: గత దీపావళికి రెండడుగుల తొట్టి కొని, రూపాయి బిళ్ళంత ఉన్న నాలుగు ఏంజెల్ చేపలను, ఇరవై నియాన్ టెట్రాలను కలిపి వేశాము. ఆరు నెలల పాటు అన్నీ కలిసిమెలిసి తిరిగాయి. ఇప్పుడు రోజుకొకటి చొప్పున నియాన్లు తగ్గిపోతున్నాయి. చచ్చిన చేప ఒక్కటి కూడా తేలలేదు. ఇది ఏ తెగులు? – ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మా, మీ నియాన్లు ఏంజెల్ చేపల కడుపులోకే వెళుతున్నాయి. తెల్లవారుజామున దీపం వేసేముందు ఒకసారి తొట్టి దగ్గర కూర్చుంటే మీరే చూడగలరు. ఏంజెల్ చేప చూపుకు సాధువులా ఉన్నా అది సిక్లిడ్ కుటుంబానికి చెందినది; పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహకం. వరదనీట మునిగిన చెట్ల వేళ్ళ మధ్య, నీటి మొక్కల కాడల మధ్య నిలబడి, ఒంటి మీది నిలువు చారల చాటున కనబడకుండా ఉండి, పురుగులను, చిన్న చేపలను పట్టి తినడం దాని స్వభావం. నియాన్ మూడు సెంటీమీటర్ల సన్నని చేప. మీరు వేసిన రోజున రూపాయి బిళ్ళంత ఏంజెల్‌కు నోరు చాలలేదు, ఇప్పుడు చాలుతోంది, మారింది అంతే. నోట పట్టే చేప ఏదైనా దానికి మేతే అన్న ఒక్క సూత్రాన్ని కొనేటప్పుడు గుర్తుంచుకుంటే సగం నష్టాలు ఉండవు. ఆ నోరు కూడా ఇప్పటి నోరు కాదు, ఏడాది తరువాతి నోరు.

నియాన్లకు మీ తొట్టిలో మరొక ఇబ్బంది కూడా ఉంది. అవి 26 డిగ్రీల లోపు చల్లని నీటిలో హాయిగా ఉంటాయి. కోనసీమ వేసవిలో ఏసీ లేని గదిలో తొట్టి నీరు 30 దాటుతుంది. ఏంజెల్‌కు 24 నుంచి 30 వరకు ఫరవాలేదు. కాబట్టి ఇవి రెండూ ఒకే తొట్టిలో సుఖపడే కాలం ఏడాదిలో కొద్ది నెలలే.

అన్నిటికన్నా ముందు మీరు ఆలోచించవలసింది మాత్రం నియాన్ల గురించి కాదు. మీ తొట్టి రెండడుగుల పొడవు, బహుశా అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంటే నిండా పోస్తే 57 లీటర్లు. పన్నెండు అంగుళాల ఎత్తులో కింద గులక రెండు అంగుళాలు, పైన ఖాళీ రెండు అంగుళాలు పోతే మిగిలేది ఎనిమిది అంగుళాలు. ఎదిగిన ఏంజెల్ రెక్కలు చాస్తే ఎత్తు సరిగ్గా అంతే ఉంటుంది. నాలుగు చేపలు అందులో ఈదలేవు, నిలబడి ఉంటాయి. పిల్లలప్పుడు సరిపోయిన గౌనును పెళ్ళినాటికి కూడా తొడగలేము కదా. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టికి మారగలిగితే నాలుగు ఏంజెల్ చేపలనూ ఉంచుకోవచ్చు. మారలేకపోతే వాటిని దుకాణానికి తిరిగి ఇచ్చి, మిగిలిన నియాన్లను ఉంచుకొని, ఫ్యాను గాలి నీటి పైభాగానికి తగిలేలా పెట్టి వేసవిని దాటించండి. ఈ రెండో మార్గమే మీకు తేలిక అని మా అభిప్రాయం.

ప్రశ్న: మా తొట్టిలో ఏంజెల్ చేపలకు తోడుగా రెండు షార్కులు, ఒక పిరానా, ఒక సక్కర్ వేశాము. అన్నీ రెండేసి అంగుళాలే ఉన్నాయి. అన్నీ శాంతంగా ఉంటాయని దుకాణంలో చెప్పారు. ఎంతకాలం కలిపి ఉంచవచ్చు? – ఒక విద్యార్థి, తణుకు

జవాబు: బాబూ, మీరు షార్కు అంటున్నది సొరచేప కాదు. వెండి ఒళ్ళు, పైకి లేచిన ముల్లు రెక్క ఉండి గుంపుగా ఈదేదయితే అది పంగాసియస్. మీ జిల్లా చెరువుల్లో రైతులు ఫంగస్ అని పిలుస్తూ టన్నుల కొద్దీ పెంచి లారీలకెత్తే చేపే. సహజంగా అది మీటరు దాటి పెరుగుతుంది. పిరానా పేరుతో ఇచ్చినది చాలావరకు రూప్‌చంద్ అయి ఉంటుంది, ఎర్రటి పొట్ట చూసి పేరు మారుస్తారు. అదీ కిలోల లెక్కన పెరిగేదే. చేపల బజారులో తక్కెడలో తూగవలసిన రెండు రకాలు మీ ఇంట్లో ఏంజెల్ చేపల పక్కన పెరుగుతున్నాయన్నమాట. నాలుగైదు నెలలకు మించి ఉంచలేరు.

పాచి తింటుందని అమ్మే సక్కర్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది అడుగుకు పైగా పెరిగి, పాచి తినడం తగ్గించి, రాత్రివేళ ఏంజెల్‌లాంటి వెడల్పు ఒళ్ళున్న చేపల పక్కలకు అంటుకొని జిగురు పీలుస్తుంది. పొద్దున్నే మీ ఏంజెల్ ఒంటి మీద గుండ్రని తెల్లమచ్చలు కనబడితే ముందు దీన్నే అనుమానించండి. విసుగు పుట్టి ఏ పంట కాలువలోనో వదిలిపెట్టారంటే అంతకన్నా పెద్ద తప్పు లేదు. అలా వదిలినవే మన చెరువుల్లోకి, కాలువల్లోకి చేరి, గట్లకు బొరియలు తవ్వుతూ, వలలు చింపుతూ డెవిల్ ఫిష్ అని పేరు తెచ్చుకున్నాయి. రూప్‌చంద్, సక్కర్, ఏంజెల్ మూడూ దక్షిణ అమెరికా నదులవే. ఒకే ఊరివారమన్న మాట చేపల విషయంలో పొత్తుకు చాలదు.

ప్రశ్న: ఆరు ఏంజెల్ చేపలు ఏడాదిగా బాగానే ఉన్నాయి. పది రోజులుగా రెండు ఒక మూల చేరి, మిగిలిన నాలుగింటినీ ఎదుటి మూలకు తరిమి రెక్కలు చింపుతున్నాయి. తొట్టి మూడడుగులది. ఏ రెండింటిని తీసివేయాలి? – నరసాపురం పాఠకుడు

జవాబు: కొట్టేవాటిని తీయండి, కొట్టించుకునేవాటిని కాదు. ఆ రెండూ జత కట్టాయి. ఏంజెల్ చేపల్లో ఆడమగలను పైకి చూసి చెప్పడం కష్టం కాబట్టి, ఆరేడు పిల్లలను కలిపి పెంచి అవే జత కట్టుకునేదాకా ఆగడమే పెంపకందారుల పద్ధతి. మీకు తెలియకుండానే అది మీ ఇంట జరిగింది. అవి నిలువుగా ఉన్న వెడల్పాటి ఆకునో, ఫిల్టరు గొట్టాన్నో నోటితో శుభ్రం చేస్తుంటే ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెడతాయి. నీరు 28 డిగ్రీలుంటే రెండున్నర రోజులకు గుడ్లు చిట్లుతాయి, ఆపైన మరో అయిదు రోజులకు పిల్లలు ఈదుతాయి. ఈ కాలమంతా మూడడుగుల తొట్టిలో సగం వాటి రాజ్యమే. జతను వేరే ఎత్తయిన తొట్టిలోకి మార్చండి; అందులో స్పాంజి ఫిల్టరు ఒక్కటి చాలు. మార్చే వీలు లేకపోతే పెద్ద మొద్దును గాని, పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా మొక్కల దడిని గాని నడుమ పెట్టి చూపు ఆపండి. కంటికి కనబడని శత్రువును ఏంజెల్ వెంబడించదు. కాని ఇది తాత్కాలికం. ఇంకో మాట: ఇలాంటి తొట్టిలో టైగర్ బార్బులు, సెర్పా టెట్రాలు ఉంటే వెంటనే తీసివేయండి, చింపిన రెక్కల్లో సగం వాటి పని కూడా కావచ్చు.

ప్రశ్న: వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మాకు చెరువులో నిలవచేసిన మునిసిపల్ నీరు వస్తుంది, క్లోరిన్ వాసన ఎక్కువ. ఇంటి బోరు నీరు ఉప్పన. కరెంటు కోతలు సరే సరి. ఆ నెలల కోసం చేపలను తగ్గించుకోవాలా? – రామచంద్రపురం పాఠకురాలు

జవాబు: చాలామంది శీతాకాలపు నీటిని చూసి చేపలు కొంటారు. మీరు అడిగినట్టే ఆలోచించి, ఏడాదిలో అన్నిటికన్నా చెడ్డ నెలకు సరిపోయేటన్ని చేపలనే కొంటే మధ్యలో తగ్గించవలసిన అవసరం రాదు. మన డెల్టాలో ఆ నెల మే. 25 డిగ్రీల నీరు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల వరకు ప్రాణవాయువును పట్టుకోగలదు. 30 డిగ్రీల నీరు 7.5 మాత్రమే పట్టుకుంటుంది. అదే సమయంలో వేడికి చేప ఎక్కువ ఊపిరి అడుగుతుంది. రెండు గంటల కోతలో, నిండా చేపలున్న తొట్టిలో చేపలు పైకి తేలి నోరు తెరుస్తాయి. సగం చేపలున్న తొట్టి అలాగే ఉంటుంది. బ్యాటరీ గాలి పంపు ఒకటి కొని ఉంచండి.

నీటి విషయానికొస్తే, మునిసిపల్ నీటిని బకెట్లలో ఒక రోజంతా ఆరబెట్టి, గాలి పంపు పెట్టి, లేదా క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేసి వాడండి. ఉప్పన బోరు నీటిని దానిలో కలపవద్దు. తొట్టిలో పుట్టి పెరిగిన ఏంజెల్ చేపలు పీహెచ్ 6.5 నుంచి 7.8 వరకు సర్దుకుంటాయి గాని, వారం వారం మారే నీటికి సర్దుకోవు. వారానికి నాలుగో వంతు నీరు మార్చేవారు కాలువలు కట్టేసిన కాలంలో ఒక్కోసారి అందులో సగం చొప్పున, వారానికి రెండుసార్లు మార్చితే తేడా తక్కువగా తెలుస్తుంది. వరదల నాటి ఎర్రనీటిని పటిక వేసి తేర్చి వాడేవారు, పటిక ఎక్కువైతే పీహెచ్ పడిపోతుందని గమనించాలి. సంక్రాంతి చలికి మాత్రం వంద వాట్ల హీటరు ఒకటి అవసరం.

ప్రశ్న: వాస్తు ప్రకారం తొట్టిలో తొమ్మిది చేపలు ఉండాలంటున్నారు. మా మూడడుగుల తొట్టిలో తొమ్మిది ఏంజెల్ చేపలు వేయవచ్చా? – పాలకొల్లు పాఠకుడు

జవాబు: మూడు ఏంజెల్ చేపలు ఒకదాన్నొకటి కొడతాయి, తొమ్మిది ఊపిరాడక పోతాయి. నాలుగు ఏంజెల్ చేపలు, అయిదు కోరిడోరాస్ వేయండి. తొమ్మిదీ అవుతాయి, చేపలూ బతుకుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి పంట కాలువలో పట్టిన పరిగలు, జెల్లలు ఏంజెల్ చేపల తొట్టిలో వేస్తానని పేచీ పెడుతున్నాడు. వేయనివ్వవచ్చా? – మండపేట పాఠకురాలు

జవాబు: జెల్ల వద్దు. దాని రెక్కల ముళ్ళు గట్టివి, రాత్రి తిరిగి నోట పట్టినదాన్ని మింగుతుంది. పరిగ పిల్లల్లో కొన్ని రకాలు సాధువులే గాని, కాలువ చేప వెంట ఒంటి పేలు, తెల్లమచ్చల తెగులు వస్తుంటాయి. ఒక బకెట్టులో గాని, పాత చిన్న తొట్టిలో గాని గాలి గొట్టం వేసి మూడు నాలుగు వారాలు విడిగా ఉంచమనండి. అన్ని రోజులు వాటికి తానే మేత వేసి, తానే నీళ్ళు మార్చాలని ముందే చెప్పండి. అప్పటికీ అతని పట్టుదల, పరిగల ఆరోగ్యం రెండూ నిలిచి ఉంటే ఆరింటిని వేయనివ్వండి. లెక్కలో మాత్రం అవి టెట్రాలకు బదులే, అదనం కాదు.